ఇంట్లో ప్రింటర్ పెట్టుకునేవాళ్లకి కాసేపు అడ్మిన్ రైట్స్ ఇవ్వడం ఎలా?

హెల్ప్‌డెస్క్_హనుమ

అందరికీ నమస్కారం. మా దగ్గర ల్యాప్‌టాప్‌లన్నీ విండోస్ 11, డొమైన్‌లో (ఆఫీసు అన్నిటినీ ఒకేచోటి నుంచి అదుపు చేసే నెట్‌వర్క్) ఉన్నాయి. లోకల్ అడ్మిన్ (తన మెషీన్‌లో ఏదైనా మార్చే హక్కు) ఎవరికీ లేదు, అందరూ స్టాండర్డ్ యూజర్లే. చాలామంది ఇంటి నుంచే పని. ప్రింటరో స్కానరో డాకింగ్ స్టేషనో కొనుక్కుంటారు, తగిలిస్తారు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోందని టికెట్ వేస్తారు. క్విక్ అసిస్ట్‌లో (దూరం నుంచి స్క్రీన్ చూసి సాయం చేసే విండోస్ టూల్) వెళ్లి నేనే చేద్దామంటే, యూఏసీ బాక్స్ (అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగేది) రాగానే నా వైపు స్క్రీన్ నల్లగా అయిపోతుంది. బాక్స్ అవతలివాళ్లకే కనిపిస్తుంది. నా పాస్‌వర్డ్ ఫోన్‌లో చదివి చెప్పలేను కదా! ఓ గంటసేపు అడ్మిన్ ఇచ్చి, అది దానంతటదే పోయేలా చేసే దారి ఉందా? మీ దగ్గర ఎలా నడుస్తోంది?

పాతమౌస్

ముందు నల్ల స్క్రీన్ సంగతి. దాన్ని సెక్యూర్ డెస్క్‌టాప్ అంటారు. వేరే ప్రోగ్రామ్ ఏదీ ఆ బాక్స్ మీద తనే క్లిక్ చేసుకోకుండా విండోస్ దాన్ని విడిగా చూపిస్తుంది. సిస్టమ్ సర్వీసుగా నడిచే రిమోట్ టూల్ అయితే మీకూ కనిపిస్తుంది, మీరే టైప్ చేయొచ్చు. గ్రూప్ పాలసీలో (మెషీన్లన్నిటికీ ఒకేసారి సెట్టింగులు పెట్టేది) సెక్యూర్ డెస్క్‌టాప్ ఆపేయమని నెట్‌లో సలహాలు బోలెడు. వాటి జోలికి వెళ్లకండి.

మేమైతే విండోస్ ల్యాప్స్ వాడుతున్నాం. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే వస్తోంది. ఒక్కో మెషీన్‌కి ఒక్కో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్, అది యాక్టివ్ డైరెక్టరీలోనో (ఆఫీసు సర్వర్‌లో ఉండే అకౌంట్ల పట్టిక) ఎంట్రాలోనో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉండేది) దాచి ఉంటుంది. అవసరమైనవాళ్లకి ఆ పాస్‌వర్డే చెప్పేస్తాం. వాడిన తర్వాత గడువు చూసుకుని అదే మారిపోతుంది. మామూలుగా 24 గంటలు, ఒక గంటకి తగ్గించుకోవచ్చు.

నైట్‌షిఫ్ట్

ఆ పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పి చూశారా అన్నా? "సున్నానా, ఓనా?" "ఓ." "పెద్ద ఓనా, చిన్న ఓనా?" తెల్లారిపోతుంది.

పాతమౌస్

నిజమే 😀 విండోస్ 11 24హెచ్2 నుంచి మామూలు మాటలు గుచ్చిన పాస్‌ఫ్రేజ్ పెట్టుకోవచ్చు. అది వచ్చాక మా ప్రాణం హాయిగా ఉంది.

ఇంకో మెలిక ఉంది హనుమ గారూ. పాస్‌వర్డ్ యాక్టివ్ డైరెక్టరీలో దాస్తున్నట్టయితే, మార్పు జరగాలంటే మెషీన్‌కి డొమైన్ కంట్రోలర్ (ఆ డైరెక్టరీ ఉండే సర్వర్) అందాలి. ఇంట్లో ఉన్న మనిషి వీపీఎన్ ఎక్కకపోతే గడువు దాటినా పాత పాస్‌వర్డే ఉండిపోతుంది. ఎంట్రా అయితే మామూలు ఇంటర్నెట్ చాలు.

నైట్‌షిఫ్ట్

మాది చిన్న ఆఫీసు. మేక్ మీ అడ్మిన్ అని ఒక ఓపెన్ సోర్స్ టూల్ ఉంది, అదే పెట్టుకున్నాం. యూజర్ బటన్ నొక్కితే పది నిమిషాలు అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉంటాడు, తర్వాత తీసేస్తుంది. లాగాఫ్ అవ్వక్కర్లేదు. యూఏసీ బాక్స్‌లో తన పాస్‌వర్డే కొడితే అప్పుడు పుట్టే కొత్త టోకెన్‌కి (ప్రోగ్రామ్ వెంట ఉండే హక్కుల చీటీ) అడ్మిన్ హక్కులుంటాయి. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఎవరికి ఇవ్వాలో లిస్టు మన చేతిలోనే ఉంటుంది.

లాగాఫ్_లక్ష్మి

రెండింటికీ ఒకటే జబ్బు. పది నిమిషాలు అడ్మిన్ అయిన మనిషి రెండో లోకల్ అకౌంట్ చేసుకుని దాన్ని అడ్మిన్ గ్రూపులో పడేస్తే? టైమర్ మొదటి పేరునే తీస్తుంది, రెండోది అలాగే ఉంటుంది. మేం ఆడిట్ చేసినప్పుడు ఒక ల్యాప్‌టాప్‌లో "ప్రింటర్2" అనే అడ్మిన్ అకౌంట్ దొరికింది. అడిగితే "ప్రతిసారీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నారు. పాపం, మంచి ఉద్దేశమే!

అదీ కాకుండా ఆ పది నిమిషాల్లో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్, మూసేదాకా అడ్మిన్‌గానే ఉంటుంది. గ్రూపులోంచి పేరు తీసినంత మాత్రాన నడుస్తున్న ప్రాసెస్ టోకెన్ మారదు. తాత్కాలికంగా ఇవ్వక తప్పదంటే కనీసం ఈవెంట్ లాగ్‌లో 4720, 4732 మీద అలర్ట్ పెట్టుకోండి. మొదటిది కొత్త అకౌంట్, రెండోది లోకల్ గ్రూపులో చేరిక.

నైట్‌షిఫ్ట్

మా వాళ్లు దొంగలు కాదండీ, అంత తెలివితేటలు కూడా లేవు.

లాగాఫ్_లక్ష్మి

దొంగలని నేను అనలేదు. ప్రింటర్ మోడల్ నంబర్ కొట్టి పక్కన "డ్రైవర్ డౌన్‌లోడ్" అని వెతికి చూడండి. పైన వచ్చే ప్రకటనల్లో ఏది అసలు కంపెనీ సైటో, ఏది చెత్త అంటగట్టే సైటో మనకే ఒక్కోసారి తెలియదు. మీ యూజర్ ఆ లింకు నొక్కేది సరిగ్గా అడ్మిన్ హక్కులున్న ఆ పది నిమిషాల్లోనే. ఇక తెలివితో పనేముంది?

రూట్_లేని_చెట్టు

ఆలస్యంగా వచ్చాను. హనుమ గారూ, ఆ టికెట్లలో నిజంగా అడ్మిన్ కావాల్సినవి ఎన్నో ముందు వేరు చేయండి. హెడ్‌సెట్, వెబ్‌క్యామ్, కీబోర్డ్ లాంటివాటికి విండోస్‌లోనే క్లాస్ డ్రైవర్లు (ఒక రకం వస్తువులన్నిటికీ పనికొచ్చేవి) ఉన్నాయి. తగిలిస్తే చాలు. అడ్మిన్ అడిగేది వాటితో వచ్చే రంగురంగుల కంట్రోల్ ప్యానెల్ సాఫ్ట్‌వేర్. అది లేకపోతే పని ఆగదు.

ప్రింటర్లలోనూ అంతే. మాప్రియా (కంపెనీ ఏదైనా ఒకే పద్ధతిలో ప్రింట్ అయ్యే ప్రమాణం) సర్టిఫికేషన్ ఉన్నదైతే కంపెనీ డ్రైవరే అక్కర్లేదు, విండోస్‌లో ఉన్న ఐపీపీ క్లాస్ డ్రైవర్ సరిపోతుంది. కంపెనీల ప్రింటర్ డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం అంచెలంచెలుగా ఆపుతామని, 2027 దాకా ఆ ప్రక్రియ సాగుతుందని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లోనే చెప్పింది. కాబట్టి కొత్తది కొనేవాళ్లకి ముందే చెప్పండి, మాప్రియా ఉన్నది కొనమని.

డబ్బాలోంచి తీసిన మనిషి మొదట చేసే పని సెటప్ ఫైల్ నడపడం. అది ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి రాయాలి కాబట్టి అడ్మిన్ అడుగుతుంది. దాన్ని పక్కన పెట్టి యూఎస్‌బీ కేబుల్ తగిలించి కాస్త ఆగమనండి. డ్రైవర్ స్టోర్‌లో (విండోస్ తను నమ్మిన డ్రైవర్లు దాచుకునే చోటు) ఉన్నా, విండోస్ అప్‌డేట్‌లో దొరికినా స్టాండర్డ్ యూజర్‌కి కూడా ఇన్‌స్టాల్ అయిపోతుంది. మీ పాలసీలో అప్‌డేట్ నుంచి డ్రైవర్లు ఆపేశారేమో చూసుకోండి.

రెండు చోట్లా దొరకని పాత ప్రింటర్ అయితే డ్రైవర్ ఫోల్డర్‌ని మీ మేనేజ్‌మెంట్ టూల్‌తో ఆ మెషీన్‌కి పంపి, సిస్టమ్ హక్కులతో (విండోస్ సొంత హక్కులు) పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ డ్రైవర్ కమాండ్ నడిపి స్టోర్‌లోకి ఎక్కించండి. తర్వాత కేబుల్ పెడితే ఎవరి పాస్‌వర్డూ అడగదు. మేం రోజూ చేసేది ఇదే. మనిషికి హక్కు ఇవ్వలేదు, వస్తువుకి ఇచ్చాం.

పాతమౌస్

ఈ ఆటోమేటిక్ పద్ధతిలోనూ చిల్లులు లేకపోలేదు. 2021 ఆగస్టులో రేజర్ మౌస్ సంగతి గుర్తుందా? మౌస్ తగిలిస్తే విండోస్ దాని ఇన్‌స్టాలర్‌ని సిస్టమ్ హక్కులతో నడిపేది. ఫోల్డర్ ఎంచుకునే బాక్స్‌లో షిఫ్ట్ నొక్కి రైట్ క్లిక్ చేస్తే అవే హక్కులతో పవర్‌షెల్ (కమాండ్లు కొట్టే విండో) తెరుచుకునేది. ఇలాంటి కో-ఇన్‌స్టాలర్లను (డ్రైవర్‌తో పాటు తామే నడిచేవి) రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల పట్టిక) ఆపేయొచ్చు, ఆపేయండి.

హెల్ప్‌డెస్క్_హనుమ

రిజిస్ట్రీ అంటే గుర్తొచ్చింది. ప్రింటర్ డ్రైవర్లకి అడ్మిన్ అవసరం లేకుండా ఒక విలువని సున్నా చేయమని ఎక్కడో చదివాను. అది చేస్తే పోదా?

లాగాఫ్_లక్ష్మి

పోతుంది, మీ సెక్యూరిటీ. అది 2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే విండోస్ ప్రింటింగ్ లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టులో పెట్టిన తాళం. ప్రింట్ సర్వర్ నుంచి డ్రైవర్ దించుకునే దారికి సంబంధించింది. ఇంట్లో యూఎస్‌బీ ప్రింటర్‌కి దానితో పనే లేదు. మీకు లాభం సున్నా, తలుపు మాత్రం బార్లా.

ఇంట్యూన్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మేనేజ్‌మెంట్ టూల్) ఉంటే ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ చూడండి. ఏ ఫైల్‌ని అడ్మిన్‌గా నడపొచ్చో దాని హ్యాష్‌తోనో (ఫైల్ వేలిముద్ర లాంటిది) సంతకంతోనో చెప్తారు. యూజర్ అడుగుతాడు, మీరు ఒప్పుకుంటే ఆ ఫైల్ ఒక్కటే పైకి వెళ్తుంది, మనిషి కిందే ఉంటాడు. లైసెన్స్ సంగతి మాత్రం ముందు కనుక్కోండి.

యాపిల్‌చెట్టు_కింద

మ్యాక్‌లున్నవాళ్లకి: ఎస్ఏపీ వాళ్ల ప్రివిలేజెస్ యాప్ ఉంది, ఓపెన్ సోర్స్. బటన్ నొక్కితే అడ్మిన్, గడువు తీరితే మళ్లీ స్టాండర్డ్. ఎయిర్‌ప్రింట్ (యాపిల్ ప్రింటింగ్ పద్ధతి) ఉన్న ప్రింటర్‌కి విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్

అసలు ఆఫీసు కాగితాలు ఇంట్లో ప్రింట్ తీయడం ఎందుకో ఎవరైనా అడిగారా?

హెల్ప్‌డెస్క్_హనుమ

అడిగాను. సంతకం పెట్టి స్కాన్ చేసి తిరిగి పంపడానికట. ఈ-సైన్ మాకు ఎప్పుడో ఉంది! వాళ్లకి దాని లింకు పంపాను, కొన్ని టికెట్లు అక్కడే మూసుకుపోయాయి.

మిగతావాటికి రూట్ గారి పద్ధతి మొదలుపెట్టాను. ప్రింటర్లు లొంగాయి. ఒక స్కానర్ మాత్రం మిగిలింది. కంపెనీ సైట్‌లో సెటప్ ఈఎక్స్ఈ ఒక్కటే ఉంది, డ్రైవర్ ఫోల్డర్ విడిగా లేదు. దాన్ని స్టోర్‌లోకి ఎలా ఎక్కించాలి?

రూట్_లేని_చెట్టు

ఆ ఈఎక్స్ఈని 7-జిప్‌తో విప్పి చూడండి, చాలావాటికి లోపలే ఫోల్డర్ ఉంటుంది. విప్పలేకపోతే ఒక టెస్ట్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి, పీఎన్‌పీయుటిల్‌లోనే ఎక్స్‌పోర్ట్ ఉంది, దాంతో డ్రైవర్ బయటికి తీయండి. ఐఎన్ఎఫ్ (డ్రైవర్ వివరాలుండే ఫైల్) పక్కన క్యాట్ ఫైల్ కూడా ఉందో లేదో చూసుకోండి. సంతకం అందులోనే ఉంటుంది, అది లేకపోతే విండోస్ ఒప్పుకోదు.