సమతల జ్యామితి వచ్చిన పిల్లకి ఘన జ్యామితి ఎలా చెప్పాలి?

నమస్కారం. మేం మలక్‌పేటలో ఉంటాం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. త్రిభుజాలు, వృత్తాలు చకచకా చేసేస్తుంది, ఘనం (క్యూబ్) బొమ్మ కనిపిస్తే మాత్రం టెన్షన్ పడిపోతోంది.

పోయిన వారం అడిగింది, కలవని రెండు గీతలు సమాంతరమే కదా అని. కాగితం మీద అంతే, బయట అలా కాదని చెప్పడానికి ఆదివారం చార్మినార్ దగ్గరికి తీసుకెళ్లాను. పడమర వైపు నేలని ఆనుకున్న అంచు, తూర్పున నిలువుగా లేచిన మినార్, ఎంత పొడిగించినా కలవవు, సమాంతరమూ కావు. అక్కడ అర్థమైంది. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే మళ్లీ మొదటికే.

తప్పు తనది కాదు, కాగితం మీద ఘనం ముఖాలు వాలిపోయి కనిపిస్తాయి, 90 డిగ్రీలు 90లా ఉండవు. ఒకే మూల నుంచి రెండు పక్క ముఖాల మీద గీసిన కర్ణాల మధ్య కోణం 60 డిగ్రీలంటే అస్సలు నమ్మలేదు. మూడో ముఖం కర్ణం కూడా కలిపితే సమబాహు త్రిభుజం వస్తుందని చీపురు పుల్లలు, నానబెట్టిన బఠానీలతో కట్టి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు.

పరీక్షలో పుల్లలు ఉండవు కదా. బొమ్మ చూడగానే ఆకారం మనసులో లేచి నిలబడాలంటే ఏం అలవాటు చేయించాలి? ఘనంలో ఒక అంచుకి సమాంతరమైనవి 3, దాన్ని కలిసేవి 4, రెండూ కానివి 4 అని లెక్కపెట్టించడం సరైన దారేనా? లెక్కల టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.