సమస్యాపూరణం: కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట

ఈసారి సమస్య ఒక తేటగీతి పద్యం చివరి పాదం; ముందు మూడు పాదాలు రాసి దీన్ని అర్థవంతంగా పూరించాలి:

కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట

కళ్లు తినడమేమిటి, దానితో కడుపు చల్లబడడమేమిటి? ఆ చిక్కు విప్పాలి. సందర్భం కూడా ఇస్తున్నాను: కొండ మీదో, నీటి ఒడ్డునో, ఎత్తైన మేడ పైనో, చూపు తిప్పుకోలేనంత అందం ఎదురుగా ఉన్న రెస్టారెంట్‌లో భోజనం. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే లఘుగురువుల, అంటే పొట్టి పొడుగు అక్షరాల, గుంపు). నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి ధ్వనిలో మైత్రి ఉండాలి. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) నియమం లేదు, యతికి బదులు ఆ రెండు చోట్ల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి చెల్లుతుంది.

మొదటి పూరణ:

కొండ కొమ్మున వెలసిన కూటియింట
వంట యాలస్యమైనను వగపు లేదు
లోయ నిండిన మంచును లోలములయి
కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట

నా వ్యాఖ్య: అన్నయ్యగారూ, ‘లోలములయి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. కళ్లకు ఆశపోతుతనం అంటగట్టాక అవి ‘భుజియించడం’ సహజంగా కుదిరింది. రెండో పాదంలో మీరు అనుకున్నారో లేదో గాని, ఒక నిజం కూడా ఉంది. సుమారు 300 మీటర్లు ఎక్కితే నీరు మరిగే ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. 1500 మీటర్ల ఎత్తున నీరు 95 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి ఉడకాల్సినవి ఆలస్యంగానే ఉడుకుతాయి. అయితే నాకొక అసంతృప్తి ఉంది. మంచును చూస్తే ఆకలి మరుపుకు వస్తుంది, తీరదు. సమస్యలో ఉన్నది ‘తీఱెను’. అక్కడ పద్యం చిక్కును విప్పకుండా పక్క నుంచి దాటిపోయింది.

రెండో పూరణ, కొత్త సభ్యురాలిది (ఛందస్సులో ఇదే మొదటి ప్రయత్నమట):

సంజ వెలుగులు గాజుపై మెఱయుచుండ
దీపమార్పఁగ లోకము తేటపడియె
నీటఁ గరఁగిన బంగారు నిగ్గులెల్ల
కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట

వ్యాఖ్య: అమ్మా, గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది, ‘సం’కు ‘మె’ చెల్లదు. ‘మెఱయుచుండ’ తీసి ‘జాఱుచుండ’ అనండి, స-జ మైత్రి కుదురుతుంది. గాజు మీద వెలుగు జారడం మెరవడం కంటే బాగుంది కూడా. రెండో పాదం మాత్రం దయచేసి ముట్టుకోకండి. బయట చీకటి పడుతున్నప్పుడు లోపలి దీపం వెలుగు ఎక్కువైతే కిటికీ అద్దంలా మారి మన ముఖాలూ మన పళ్లేలే చూపిస్తుంది. దీపం తగ్గిస్తేనే బయటి నీళ్లు కనిపిస్తాయి. అలాంటి బల్ల దగ్గర కూర్చుని గమనించిన మనిషే రాయగల పాదం ఇది. మూడో పాదం చదివి చాలా సంతోషపడ్డాను.

మూడో పూరణ:

కిటికి చెంతను పరులుండఁ గినుక నాకు
గోడ వైపునఁ గూర్చుండి కుములుచుండ
రమ్మనుచు వారు చోటీయ రమ్యగిరుల
కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట

ఒక సభ్యుడి వ్యాఖ్య: ఇదీ పూరణ అంటే! ‘కడుపుమంట’ను ఆకలి అనుకుంటూ మేమంతా తంటాలు పడుతుంటే, ఈయన అసూయ అన్న అర్థం పట్టుకున్నారు. అసూయ అయితే కళ్లతో చూసి తీర్చుకోవచ్చు, అసంగతం లేదు.

నా వ్యాఖ్య: పూర్తిగా ఒప్పుకుంటాను. మొదటి పాదంలో ‘పరులు’గా ఉన్నవాళ్లు మూడో పాదానికి పక్కకు జరిగి పిలిచేవాళ్లయ్యారు. ఆ మార్పే పద్యానికి ప్రాణం. ఒక్క లోటు: ‘కినుక’ అన్నాక మళ్లీ ‘కుములుచుండ’ ఎందుకు? అదే భావం రెండుసార్లు వచ్చింది. పైగా భోజనశాలలో ఉన్నామన్న ఆనవాలు ఎక్కడా లేదు. ఆ పాదంలో ఒక ముద్ద కనబడితే బాగుంటుంది.

పూరణకర్త జవాబు: నిజమేనండీ, తిండినే మరిచిపోయాను. గోడకు ఎదురుగా కూర్చుని తిన్న ఆ పూట గుర్తు తెచ్చుకుని రెండో పాదం మార్చాను. చూడండి:

కిటికి చెంతను పరులుండఁ గినుక నాకు
గోడఁ జూచుచుఁ దినుకూడు గొంతు దిగదు
రమ్మనుచు వారు చోటీయ రమ్యగిరుల
కనులు భుజియింపఁ దీఱెను కడుపుమంట