అమ్మానాన్నలతో కుస్కో వెళ్తున్నాం, ప్లాన్ ఒకసారి చూసి చెప్తారా

ప్రశ్న: అందరికీ నమస్తే అండి. మేం డాలస్‌లో ఉంటాం, గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు, జూన్‌లో అందరం కలిసి పెరూకి ఏడు రోజులు. నాన్నకి 66, బీపీ ఉంది, అమ్మ ప్యూర్ వెజ్. ఏజెంట్ పంపిన ప్లాన్‌లో దిగిన రోజే కుస్కో సిటీ టూర్, రెండో రోజు రెయిన్‌బో మౌంటెన్, తర్వాత మాచు పిచ్చు, అదే ఒకప్పటి ఇంకా రాజుల కొండ నగరం. మా ఆయనకి ట్రెక్కింగ్ అంటే ప్రాణం. ఇలా వెళ్ళొచ్చా? అమ్మావాళ్ళకి వీసా వేరే తీసుకోవాలా?

జవాబు: ఆ ప్లాన్ తలకిందులుగా ఉందండి, దయచేసి మార్పించండి. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు, అంటే ఇంచుమించు లేహ్ అంత, గాలి పల్చగా ఉంటుంది, దిగగానే ఆయాసం, తలనొప్పి రావొచ్చు. రెయిన్‌బో మౌంటెన్ 5,000 దాటుతుంది, రెండో రోజే పెద్దవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళడం అసలు వద్దు. మేం మా నాన్నని తీసుకెళ్ళినప్పుడు ఇదే తప్పు చేశాం, కుస్కోలోనే సాన్ బ్లాస్ పేటలో మెట్ల సందు పైన హోటల్, చూడ్డానికి బాగుందని బుక్ చేశాం, ఆ మెట్ల మీద నాన్న నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని నిలబడిపోయారు, రాత్రంతా తలనొప్పి, నిద్ర లేదు, నేను పక్కనే కూర్చుని ఆయన ఊపిరి వింటూ ఉన్నాను.

ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా కారులో కిందికి, ఒయాంతాయ్‌తాంబో అనే ఊరికి వెళ్ళిపోండి, దాదాపు రెండు గంటలు, అది 2,800 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు పడుకుని, మరాస్ ఉప్పు మడులు, మొరాయ్‌లోని గుండ్రటి మెట్ల పొలాలు నెమ్మదిగా చూసి, అక్కడే ట్రైన్ ఎక్కితే మాచు పిచ్చు, అది ఇంకా కింద, 2,430. ఆ తర్వాత పైకి కుస్కో రండి, అప్పటికి ఒళ్ళు కాస్త అలవాటు పడుతుంది. మీ ఆయన్ని రెయిన్‌బో మౌంటెన్‌కి ఆఖర్లో ఒక్కరినే పంపండి. ఎత్తు పడకపోవడానికి డయామాక్స్ మాత్ర వాడేవాళ్ళు ఉంటారు కానీ బీపీ మందులతో పడుతుందో లేదో, సల్ఫా అలర్జీ ఉందో లేదో డాక్టర్ చెప్పాకే వేయండి.

వీసా సంగతి, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసాకి ఇంకా ఆర్నెల్లు గడువుంటే టూరిస్టుగా పెరూ వీసా అక్కర్లేదు, అయినా ఎయిర్‌లైన్‌తో ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి.

ఇంకొకరి జవాబు: అక్కా, అమ్మగారి భోజనం గురించి. అక్కడి స్పానిష్‌లో "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అనే కానీ చాలాచోట్ల చికెన్ ఆ లెక్కలోకి రాదు, కాబట్టి "సిన్ పోయో, సిన్ పెస్కాడో" (చికెన్ వద్దు, చేప వద్దు) అని కూడా చెప్పాలి, కీన్వా అనే గింజల సూప్‌లో నీళ్ళు కూడా చికెన్ ఉడికించినవి అయ్యుండొచ్చు, అడగండి. కుస్కోలో సాన్ పెద్రో మార్కెట్‌లో పళ్ళ రసాలు ఎదురుగానే తీసిస్తారు, నీళ్ళు మాత్రం బాటిల్‌వే పోయమనండి. హోటల్లో కోకా ఆకుల టీ ఇస్తారు, అక్కడ అది మామూలే, కానీ ఒక్క టీ బ్యాగ్ కూడా అమెరికాకి తేవద్దు, ఇక్కడ నిషేధం. జాబ్‌కి డ్రగ్ టెస్ట్ ఉన్నవాళ్ళు తాగకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండి, నాన్నకి చదివి వినిపించాను, ప్లాన్ మార్పిస్తున్నాం. కుస్కోలో ఒక్క రోజే మిగిలింది, ఏం చూడాలి? మా ఆయన మాత్రం ఇప్పటికీ మాచు పిచ్చుకి నడిచి వెళ్ళే 'ఇంకా ట్రైల్' దారే అంటున్నారు.

జవాబు: ఇంకా ట్రైల్‌కి రోజుకి 500 పర్మిట్లే, అందులో గైడ్లు, కూలీలు కూడా లెక్కే, జూన్‌వి నెలల ముందే అయిపోతాయి, పైగా నాలుగు రోజుల నడక, ఈసారికి వదిలేయండి. కుస్కోలో పొద్దున్నే ఊరి పైనున్న ఇంకాల రాతి కోట సక్సాయ్‌వామన్‌కి టాక్సీలో ఎక్కి, నడిచి కిందికి దిగండి, ఎక్కడం తప్పుతుంది. అక్కడ వంద టన్నులు దాటిన రాళ్ళున్నాయి, సున్నం లేకుండా ఒకదాని ఒంపులో ఒకటి కూర్చోబెట్టారు. కింద హాతున్ రుమియోక్ వీధిలో 12 మూలల రాయి ఉంటుంది, ఒక్కో మూలకీ పక్క రాయిని ఎలా చెక్కి ఆనించారో నాన్నగారిని దగ్గరగా చూడమనండి, ముట్టుకోనివ్వరు, 2025 ఫిబ్రవరిలో ఎవరో దాన్ని కొట్టి పెచ్చులూడగొట్టారు, ఆ వార్త చూసి నాకు చాలా బాధేసింది.

కోరికాంచా మాత్రం వదలొద్దు. ఇంకాల సూర్యుడి గుడి గోడల మీదే స్పెయిన్ వాళ్ళు చర్చి కట్టారు, 1950 భూకంపంలో చర్చి బాగా దెబ్బతింది, కిందున్న ఇంకాల గోడలు నిలబడ్డాయి. లోపలికి కొంచెం వాలి ఉంటాయి ఆ గోడలు, పక్కనుంచి చూస్తే తెలుస్తుంది. 16 చోట్లకి పనిచేసే 10 రోజుల టూరిస్ట్ టికెట్‌లో ఈ గుడి, మాచు పిచ్చు రావు, విడిగా కొనాలి. మాచు పిచ్చుకి మాత్రం ఇవాళే కొనేయండి, జూన్‌లో రద్దీ ఎక్కువ, గేటు దగ్గర అందరి ఒరిజినల్ పాస్‌పోర్టులూ చూస్తారు. ఇంకోటి, జూన్ 24న ఇంతి రైమి, అంటే ఇంకాల సూర్యుడి పండగ, మీ తేదీలు ఆ వారంలో పడితే కుస్కో హోటల్ ముందే చూసుకోండి, మెట్లు లేనిది.