లీసెస్టర్‌లో చిన్న ప్రచురణ సంస్థ: గుంటూరు తమ్ముడి ప్రశ్న, జవాబులు

ప్రశ్న (లీసెస్టర్): అందరికీ నమస్కారమండీ. మాది గుంటూరు బ్రాడీపేట. ఈమధ్యే వచ్చాను. ఇక్కడ తెలుగు పిల్లలకీ సోమాలీ పిల్లలకీ ఇంటి భాష పక్కన ఇంగ్లీషు పెట్టిన బొమ్మల పుస్తకాలు వేయాలని ఉంది. అచ్చు విజయవాడలో చవక అని మా బాబాయి అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి?

జవాబు (లండన్, సొంతూరు తెనాలి): తమ్ముడూ, ముందు వీసా చూసుకో. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా అయితే చేసుకోవచ్చు. వర్క్ వీసా అయితే లాయర్‌ని అడగకుండా కంపెనీ రిజిస్టర్ చేయకు.

అచ్చు ఎక్కడ చవకో తర్వాత చూడొచ్చు. కొనేదెవరో ముందు తేల్చుకో. ట్రినిడాడ్ నుంచి వచ్చిన జాన్ లా రోజ్ 1966లో లండన్‌లో న్యూ బీకన్ బుక్స్ పెట్టినప్పుడు, ప్రచురణతో పాటు అమ్మకమూ తనే చూసుకున్నాడు. గయానా నుంచి వచ్చిన జెస్సికా, ఎరిక్ హంట్లీ దంపతుల కథ ఇంకా బాగుంటుంది. 1968లో గయానా చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీని జమైకా ప్రభుత్వం దేశంలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది ఆయన ప్రసంగాలే వీళ్ల సంస్థ బోగల్-లూవెర్తూర్ వేసిన మొదటి పుస్తకం. స్నేహితులు తలా ఓ చెయ్యి వేశారు. వెస్ట్ ఈలింగ్‌లో ఇంటి ముందుగదే కొట్టు. పెద్ద షాపులు పిలుస్తాయని కూర్చోలేదు. 1982లో ఈ రెండు సంస్థలూ, రేస్ టుడే పత్రిక వాళ్లూ కలిసి పుస్తకాల జాతర మొదలుపెట్టారు, అది 1995 దాకా నడిచింది.

మన సంఘాల సావనీర్‌లు చూశావుగా, సగం ప్రకటనలే, ఇంటికెళ్లాక తెరిచేవాళ్లుండరు. ఆ దారి వద్దు. ఉగాది వేడుకలో ఓ బల్ల వేసుకో. సోమాలీ తల్లుల దగ్గరికీ వెళ్లు, కథలు వాళ్లనే చెప్పమను. ముందే డబ్బు కట్టేవాళ్లు ఎంతమందో తేలాక ప్రెస్సు సంగతి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, ఇక్కడ కొనుక్కోవాలి. పుస్తకం వచ్చిన నెలలోపు బ్రిటిష్ లైబ్రరీకి ఓ కాపీ పంపాలి, చట్టం.

జవాబు (విజయవాడ, గవర్నర్‌పేట): మాది డీటీపీ సెంటరండీ. ఫైలు అనూ ఫాంట్లలో చేయించకండి, అవి యూనికోడ్ కాని పాతరకం తెలుగు ఫాంట్లు. అచ్చు బాగానే వస్తుంది కానీ, రేపు ఈ-బుక్ చేయబోతే అక్షరాల బదులు పిచ్చిగీతలొస్తాయి. ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు అక్షరాలుగానే కనిపించే యూనికోడ్‌లోనే చేయించండి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో, తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ సెట్టింగ్ పెట్టారో లేదో అడగండి. ప్రూఫ్‌లో 'రాష్ట్రం', 'జ్యోత్స్న' లాంటి మాటలు వెతికి చూస్తే ఒత్తులు ఊడాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. సోమాలీకి ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఆ బాధ లేదు.

అచ్చు ఫారాల లెక్కన జరుగుతుంది, ఫారం అంటే 16 పేజీలు. పుస్తకం 32కో 48కో సరిపోయేలా చూసుకోండి. బొమ్మలకి ఆర్ట్ పేపరే బాగుంటుంది కానీ బరువు. విమానంలో తెప్పిస్తే చవక అచ్చంతా రవాణాకే పోతుంది. ఇంకోటి, డిసెంబరులో ఆర్డర్ ఇవ్వకండి. జనవరి మొదట్లో ఇక్కడ పుస్తక మహోత్సవం, బైండింగ్ వాళ్లు ఫోనే ఎత్తరు.

జవాబు (లండన్): అందుకే మొదటి పుస్తకం కొద్ది కాపీలు లీసెస్టర్‌లోనే డిజిటల్‌లో వేయించు తమ్ముడూ. అవి అమ్ముడైతే రెండో విడత అన్నగారి దగ్గరికి పంపు, ఓడ మీద నెమ్మదిగా వస్తుంది.

ప్రశ్న అడిగిన తమ్ముడు: నాది గ్రాడ్యుయేట్ వీసానే అక్కా. ఉగాది బల్లకి సంఘం వాళ్లు అద్దె అడుగుతారా?

జవాబు (లండన్): అడుగుతారు. బేరం ఆడు.