సుహ్రవర్దీ తత్వవేత్తా, సూఫీయా?

రాత్రిబండి: 1191లో సిరియాలోని అలెప్పోలో చంపేశారే, ఆ షిహాబుద్దీన్ సుహ్రవర్దీని తత్వవేత్త అంటుంటే నాకు మింగుడుపడట్లేదు. తన పుస్తకం ‘హిక్మత్ అల్ ఇష్రాక్’ (వెలుగు జ్ఞానం) చదవడం మొదలుపెట్టే ముందు 40 రోజులు మాంసం మానేసి ఏకాంతంలో ఉండమని ఆయనే రాశాడు. ఇది తర్కమా, దీక్షా?

కొండమల్లి: ముందుమాటలో ఏమన్నాడండి? ఇది నాకు మొదట ఆలోచనతో రాలేదు, తర్వాత రుజువు వెతికాను అన్నాడు. రుజువు అక్కర్లేదనుకుంటే వెతకడం దేనికి?

దస్తూరి: బాగ్దాద్‌లో సూఫీ తరీఖా, అంటే గురుశిష్య మార్గం, నడిపింది ఈయనేగా?

కొండమల్లి: కాదండీ, ఆయన ఉమర్ సుహ్రవర్దీ, 1234లో పోయాడు. ఊరు ఒకటే, మనుషులు వేరు.

రాత్రిబండి: 40 రోజుల సంగతి దాటేస్తున్నారు.

కొండమల్లి: దాటేయట్లేదు, వినండి. చెయ్యి తెగింది, నొప్పి తెలియాలంటే ఆ కోత బొమ్మ మనసులో పడాలా? కోతే నేరుగా తెలుస్తుంది. అలాగే నా గురించి నా మనసులో ఏ బొమ్మ ఉన్నా అది నాకు ‘అది’ అవుతుంది గానీ ‘నేను’ అవ్వదు, కాబట్టి నన్ను నేను బొమ్మ ద్వారా తెలుసుకోవట్లేదు. ఇల్మ్ హుజూరీ, అంటే బొమ్మ అక్కర్లేకుండా నేరుగా కలిగే జ్ఞానం, ఇదే. దీనికి ఉపవాసం ఎక్కడ కావాలి చెప్పండి.

రాత్రిబండి: అంతవరకు ఒప్పుకుంటా. నూర్ అల్ అన్వార్, అంటే వెలుగులన్నిటికీ వెలుగు, దాని కింద వరసగా వెలుగులు, అవి కళ్ళారా చూసినట్టు చెప్తాడు, నేను చూడలేదే?

కొండమల్లి: నక్షత్రాల లెక్కల్లో ఒకరిద్దరు చూసి చెప్పింది నమ్ముతారు కదా, జ్ఞానులు చూసింది ఎందుకు నమ్మరు అని అడిగాడాయన. పరికరం ఉన్నవాళ్ళకే నక్షత్రం దొరుకుతుంది. ఆ 40 రోజులే పరికరం.

రాత్రిబండి: 40 రోజులయ్యాక ఏమీ కనపడకపోతే తప్పెవరిది? మా అమ్మకి జబ్బు చేసినప్పుడు ఒక గురువు మందులు ఆపించాడు, ఎందుకని అడిగితే నీకు అనుభవం లేదు, నోరు మూసుకో అన్నాడు. నేను మూసుకున్నా. ఆ మాట ఎవరన్నా ఇక ఒప్పుకోను.

దస్తూరి: అయ్యో, ఎంత మాటన్నాడండీ.

కొండమల్లి: మీ బాధ ఇప్పుడు అర్థమైంది, ఇందాక గట్టిగా మాట్లాడా, క్షమించండి. కానీ సుహ్రవర్దీ ఎవరి నోరూ మూయించలేదండి, అలెప్పో పండితులతో వాదించేవాడు, వాళ్ళే అప్పటి సుల్తాన్ సలాదిన్‌కి ఫిర్యాదు చేసి ఆయన నోరు మూయించారు. పుస్తకం మొదటి భాగం తర్కమే, అందులో ఏ మాటనైనా మీరు కాదనొచ్చు. రెండో భాగంలో వెలుగులు నేనూ చూడలేదు.

రాత్రిబండి: మరి ‘కనపడలేదు’ అన్నవాడికి ఆయన ఏం చెప్పాడో చూపించండి, పేజీ చెప్తే చాలు, నేనే చదువుకుంటా.