కన్నును చూపించి దేవుడున్నాడని నిరూపించవచ్చా? స్నేహితుడితో వాదన మధ్యలో ఆగింది

చూపుమేర:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపికగా చదవండి. నేను ఆప్టోమెట్రిస్టుని, రోజంతా జనాల కళ్ళు చూడటమే నా పని. నాకో స్నేహితుడున్నాడు, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడికి దైవభక్తి ఎక్కువ. నేనేమో ఉన్నాడనీ లేడనీ తేల్చుకోలేక ఏళ్ళుగా మధ్యలో ఉన్నవాణ్ణి.

మొన్న ఆదివారం మా ఇంట్లో టీ తాగుతూ అన్నాడు, "ఒరేయ్, రోజూ కంట్లోకి తొంగి చూస్తావు కదా, అంత పనితనం ఉన్నది చేసినవాడు లేకుండా ఊరికే అయిపోయిందంటే నీకెలా మింగుడు పడుతోందిరా? చేతి వాచీ కూడా ఎవరో చేస్తేనే కదా వచ్చింది."

నేను ఒక తెల్లకాగితం తీసుకుని ఎడమవైపు ప్లస్ గుర్తు, దానికి కుడివైపు 8 సెంటీమీటర్ల దూరంలో నల్లగా ఒక చుక్క పెట్టి ఇచ్చాను. ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో ప్లస్ గుర్తునే చూస్తూ కాగితాన్ని నెమ్మదిగా ముఖం దగ్గరికి తెమ్మన్నాను. జానెడున్నర దూరం వచ్చేసరికి వాడు "అరె, చుక్క పోయింది!" అని కేకేశాడు. చెప్పాను. కంటి వెనక పొరలో వెలుతురును పట్టే కణాలు వెనక్కి తిరిగి ఉంటాయి, వాటి తీగలన్నీ ముందువైపు పరుచుకుని ఉంటాయి, ఆ పది లక్షలకు పైగా తీగలూ ఒకచోట కట్టగా చేరి పొరను చీల్చుకుని మెదడుకి పోతాయి, ఆ చీల్చుకున్న చోట చూపు సున్నా. ఆక్టోపస్ కంట్లో తీగలు వెనకనుంచే పోతాయి కాబట్టి దానికి ఈ గొడవే లేదు. తెలిసి చేసేవాడైతే ఇలా చేస్తాడా అని అడిగాను.

వాడు తగ్గుతాడనుకున్నాను. ఆ కాగితాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ చిన్నపిల్లాడిలా మురిసిపోయి, "నా కంట్లో ఇంత కన్నం ఉన్నట్టు నలభై ఏళ్ళుగా నాకే తెలియదు, అంత నేర్పుగా కప్పేశాడు చూడు" అన్నాడు. నాకు మాట తోచలేదు. నిజానికి ఒక మాట నోటిదాకా వచ్చింది, "మరి మీ నాన్నకి గ్లాకోమా ఎందుకు పెట్టాడురా" అని. ఆయనకి ఇప్పుడు చూపు ముప్పావు వంతు పోయింది, పరీక్షలు చేసేది నేనే. ఆ మాట మింగేశాను.

నా ప్రశ్న ఇది. వాడి వాదం నిజంగా గట్టిదేనా, లేక నేను తప్పు చోట దెబ్బ కొట్టానా? వాణ్ణి నొప్పించకుండా ఈ చర్చ సాగేదెలా?

గవ్వలమూట:

మీరు తప్పు చోటే కొట్టారండీ. కంట్లో లోపం ఉందంటే చేసినవాడు లేడని కాదు, మహా అయితే అన్నీ తెలిసినవాడు కాదని. డేవిడ్ హ్యూమ్ అనే స్కాట్లండ్ తత్వవేత్త ఈ సంగతే అన్నాడు (ఆ పుస్తకం ఆయన చనిపోయాక 1779లో వచ్చింది). లోకాన్ని చూసి చేసినవాడి గురించి ఊహిస్తే వాడు ఒక్కడే అని గానీ, పనిలో ఆరితేరినవాడని గానీ ఎలా తేలుతుంది, పని నేర్చుకుంటున్నవాడు కావచ్చు, పదిమంది కలిసి చేసి ఉండవచ్చు అని. పైగా తీగలు ముందుండటం పూర్తిగా లోపమే అనటానికీ లేదు. ఆ కణాలకి వెనకనుంచి రక్తం, పోషణ బాగా అందుతాయి, ఆ పొరలోనే ఉండే ముల్లర్ కణాలు వెలుతురుని గొట్టాల్లాగా లోపలికి చేరవేస్తాయని 2007లో తేలింది కూడా. అందుకే "చెడ్డ డిజైన్" వాదం మీద నేనెప్పుడూ బరువు పెట్టను.

అసలు కిటుకు మీ స్నేహితుడు వాడిన "ఊరికే" అన్న మాటలో ఉంది. ఆయన మనసులో రెండే దారులున్నాయి, ఎవరో చేశారు, లేదా ఊరికే అయింది. మూడోది ఉందని చూపించడమే డార్విన్ చేసిన పని. వాచీ ఉదాహరణను పేరుపొందేలా చేసింది విలియం పేలీ అనే ఇంగ్లండు మతగురువు, 1802లో. డార్విన్ కేంబ్రిడ్జిలో చదువుకునేటప్పుడు పేలీ పుస్తకాలు చదివి ఎంతో మెచ్చుకున్నవాడే. కానీ వాచీ పిల్లల్ని పెట్టదు. పిల్లల్ని పెట్టేవాటిలో చిన్నచిన్న తేడాలు వస్తాయి, పనికొచ్చిన తేడా ఉన్నవి ఎక్కువగా బతికి మళ్ళీ పిల్లల్ని పెడతాయి, అలా లక్షల తరాలు. తేడా రావడం వరకే ఊరికే, ఏది మిగలాలన్నది ఊరికే కాదు. నిల్సన్, పెల్గర్ అని ఇద్దరు 1994లో లెక్క కట్టారు. వెలుతురు తగిలితే తెలిసే ఒక చదునైన మచ్చతో మొదలుపెట్టి, ఒక్కో అడుగులో ఒక్క శాతం మార్పు చొప్పున 1829 అడుగుల్లో కటకం ఉన్న కన్ను వస్తుంది, దానికి నాలుగు లక్షల తరాలు కూడా అక్కర్లేదని. అదీ ప్రతిచోటా కావాలనే నెమ్మది అంకెలు తీసుకుని. చదునైన మచ్చ, గుంట పడిన మచ్చ, సన్నని రంధ్రమున్న గుంట, ఇలా ప్రతి మెట్టూ ఏదో ఒక జీవికి ఇవాళ్టికీ ఉంది.

ఒక జాగ్రత్త. కన్ను ఇలా ఏర్పడిందనటం అసంబద్ధంగా తోస్తుందని డార్వినే ఒప్పుకున్నాడని ఎవరైనా మీకు చూపిస్తే, ఆ కింది వాక్యాలు కూడా చదవమనండి. ఎందుకు అసంబద్ధం కాదో అక్కడే చెప్పాడు.

పాత మాస్టారు:

బాబూ, అందరూ పేలీ, హ్యూమ్ అంటున్నారు గానీ ఈ తగాదా మన ఇంట్లోదే. ముప్పై ఏళ్ళు సంస్కృతం చెప్పినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను. మన నైయాయికులకు, అంటే తర్కమే ప్రధానంగా గల న్యాయదర్శనం వాళ్ళకు, వాచీ బదులు కుండ. నేల, మొలక వగైరాలకు కర్త ఉన్నాడు, ఎందుకంటే అవి పుట్టిన వస్తువులు, కుండలాగా. సుమారు వెయ్యేళ్ళ కిందట మిథిలలో ఉదయనుడు న్యాయకుసుమాంజలి రాసింది ఈ పట్టు నిలబెట్టడానికే. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే, ఆయన కూడా దానికి తానే రాసిన వ్యాఖ్య దీపికలో ఈ అనుమానాన్నే (సందేహం కాదు, కారణం చూపి చేసే ఊహ) పెట్టాడు. నేను పిల్లలకి మొదట చెప్పే పాఠాల్లో ఇదొకటి.

దీనికి ధర్మకీర్తి అనే బౌద్ధుడు ఏడో శతాబ్దంలోనే ఒక జవాబిచ్చాడు. అది వింటే పొలంగట్టు కళ్ళకు కడుతుంది. కుండ మట్టితో చేసిందే, కుమ్మరి చేశాడు. చెదలపుట్టా మట్టే కదా, అదీ కుమ్మరే చేశాడందామా అని. ఇందులో విషయం నిదానంగా చూడాలి. కుండను చూడగానే కుమ్మరి ఎందుకు గుర్తొస్తాడు? సారె మీద మట్టిముద్ద లేవడం, వేళ్ళ మధ్య అంచు తిరగడం, దారంతో కోసి దించడం మనం కళ్ళారా చూశాం కాబట్టి. కుండకీ కుమ్మరికీ ఉన్న సంబంధం చూసి నేర్చుకున్నది. కొండకు కర్త ఉండటం ఎవరు చూశారు? "పుట్టింది", "అమరిక ఉంది" అన్న మాట రెంటికీ ఒకటే కావచ్చు, మాట ఒకటైనంత మాత్రాన కుండకున్న సాక్ష్యం కొండకు రాదు. నైయాయికులు ఊరుకోలేదు, పుట్టను కట్టిందీ ప్రాణమున్న చెదలే కదా అన్నట్టుగా ఎన్నో సమాధానాలు నడిచాయి, వందల ఏళ్ళు.

ఇప్పుడు మీ స్నేహితుడికి తప్పక చెప్పాల్సింది. ఈ వాదాన్ని కాదన్నవాళ్ళలో రామానుజాచార్యులు ఉన్నారు! బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన వ్యాఖ్య శ్రీభాష్యంలో "శాస్త్రయోనిత్వాత్" అన్న సూత్రం దగ్గర, ఊహతో ఈశ్వరుణ్ణి సాధించలేం, శాస్త్రమే ప్రమాణమన్నారు. నేలా సముద్రాలూ అన్నీ ఒకేసారి ఒక్కడే చేశాడనటానికి ఆధారమేదని అడిగారు. హ్యూము అడిగిన ప్రశ్నే, అంతకు ఆరేడు వందల ఏళ్ళ ముందు, నారాయణుడే సర్వస్వమనుకున్న మనిషి నోట. కాబట్టి కుమ్మరి వాదం ఓడిపోతే భక్తి ఓడిపోయినట్టు కాదు. మీవాడు భయపడాల్సిన పనిలేదు, మీరు గెలిచాననుకోవాల్సిన పనీ లేదు.

నీలిచుక్క:

మాస్టారు గారికి నమస్కారం, ఎంత బాగా చెప్పారండీ. నేను నమ్మేదాన్ని, ఫిజిక్స్ చెబుతాను. గవ్వలమూట గారు కన్ను గురించి చెప్పినదంతా నాకు సమ్మతమే. కానీ పరిణామం జరగాలంటే ముందు పిల్లల్ని పెట్టే జీవి ఉండాలి, దానికి కార్బన్ ఉండాలి. నక్షత్రాల లోపల మూడు హీలియం కేంద్రకాలు కలిస్తే కార్బన్ వస్తుంది. అది ఇంత ఎక్కువగా రావాలంటే కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తి దగ్గర ఒక స్థాయి ఉండి తీరాలని 1953లో ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ముందే చెప్పాడు, వెతికితే 7.65 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే కొలమానం) దగ్గర దొరికింది. ఆ స్థాయి చాలా పక్కకి జరిగి ఉంటే మనం ఈ కబుర్లు చెప్పుకునేవాళ్ళం కాదు. ఇక్కడ డార్విన్ జవాబు పనిచేయదు, ఎందుకంటే ప్రకృతి నియమాలు పిల్లల్ని పెట్టవు.

ఇది రుజువు అననండీ. లెక్కలేనన్ని విశ్వాలుంటే వాటిలో ఇదొకటి ఇలా ఉందనవచ్చు, లేదా నియమాలు ఇంకోలా ఉండే వీలే లేదేమో. ఇవేవీ తేలలేదు. క్లాసులో ఆ లెక్క బోర్డు మీద వేసినప్పుడల్లా నాకు మాత్రం చేతులు జోడించాలనిపిస్తుంది. అలా అనిపించడం వేరు, నిరూపించడం వేరని నాకు తెలుసు. మీ స్నేహితుడికీ కన్ను చూస్తే అలానే అనిపిస్తుండొచ్చు. వాదం రూపంలో చెబుతున్నాడు గానీ అది దండం పెట్టడమే అయి ఉండొచ్చు, ఒకసారి ఆ వైపునుంచి అడిగి చూడండి.

గవ్వలమూట:

నియమాల దగ్గర నా జవాబుకి బలం తక్కువని ఒప్పుకుంటున్నాను. అయితే అక్కడ దొరికే "కర్త" మీ స్నేహితుడు శనివారం గుడిలో మొక్కుకునే దేవుడేనా అన్న దూరం ఇంకా మిగిలే ఉంటుంది. గ్లాకోమా మాట అనకపోవడం మంచి పని. బాధ ఎందుకుందన్న ప్రశ్న చాలా పెద్దది, అది ఆయన అడిగినప్పుడే మాట్లాడాలి, చర్చలో ఎత్తుకి పైఎత్తుగా వాడకూడదు.

చూపుమేర:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం వాడు మళ్ళీ వచ్చాడు. పుట్ట సంగతి, రామానుజుల సంగతి చెప్పాను. రామానుజులు అలా అన్నారంటే మొదట నమ్మలేదు, మాస్టారు రాసింది ఫోన్లో చూపిస్తే రెండుసార్లు చదివాడు. "పుట్టని చెదలు కట్టాయి సరే, చెదలకి కట్టడం నేర్పిందెవరు" అన్నాడు. దానికి నేను గవ్వలమూట గారి జవాబు చెప్పాను, వాడు ఒప్పుకోలేదు, అయినా మొదటిరోజులా గొంతులు లేవలేదు.

తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశాడు. నేను గీసిచ్చిన చుక్క కాగితమే, మడతలు పడి ఉంది. "నాన్నకి కూడా ఇలాగే పోయిందా, పోతున్నట్టు తెలియకుండా?" అని అడిగాడు. అవునని చెప్పాను. గ్లాకోమాలో ఆ తీగలే ఒక్కోటీ చచ్చిపోతాయి, పక్కచూపు పోతున్నా మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల రంగుతో నింపేస్తుంది, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారు. మీ నాన్న మెట్లు తప్పటం మొదలుపెట్టేదాకా ఆయనకీ తెలియలేదురా అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. కప్పేయడం మంచిదనుకున్నానే అన్నాడు చివరికి. నేను దానికి ఏమీ అనలేదు, అనాలనిపించలేదు.

తండ్రికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ఇన్నేళ్ళ స్నేహంలో వాడి కళ్ళు నేనొక్కసారి కూడా పరీక్షించలేదని అప్పుడు తట్టింది. ఇవాళ పొద్దున్నే తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ ప్రెషర్ 16 వచ్చింది, అంటే మామూలుగానే ఉంది. కంటి నరాన్ని డాక్టరు గారు కూడా చూసి బాగుందన్నారు. ఏటా చూపించుకోమన్నారు. బయటికి వస్తూ, ఆ కార్బన్ సంగతి చెప్పినావిడ ఇంకా ఏమైనా రాస్తే తనకి పంపమన్నాడు.