ఇంజన్ పని చేయించినాక మొదటి వెయ్యి కిలోమీటర్లు ఎట్లా నడపాల?

కర్నూలు_డీజిల్:
అందరికీ నమస్తే. మా డీజిల్ కారుకు ఫుల్ ఇంజన్ పని అయింది. రీబోర్ కొట్టి, అంటే సిలిండర్ లోపలి గోడను కొంచెం వెడల్పుగా కోసి, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేసినారు. మేస్త్రీ ఏమో "రెండు వేల కిలోమీటర్లు తిరిగేదాకా స్పీడు నలభై దాటించొద్దు, రోజూ పొద్దున గంటసేపు ఊరికే ఆన్ చేసి పెట్టు" అంటాడు. పక్క షెడ్డాయన "అట్ల చేస్తే రింగులు సెట్ కావు, లోడ్ మీద, ఇంజన్ బలంగా లాగేట్టు నడపాల" అంటాడు. ఇద్దరూ చేయి తిరిగినవాళ్లే. వచ్చే వారం కడపకు పోయే పనుంది. ఎవరి మాట వినాల?

ప్రొద్దుటూరు_లేత్:
పక్క షెడ్డాయన మాట వినండి. బోర్లు కొట్టేది, హోనింగ్ చేసేది నా పనే కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్తా.

బోరు కొట్టినాక హోనింగ్ రాళ్లతో సిలిండర్ గోడ మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేట్టు సన్న గీతలు పెడతాం. గోరుతో గీకితే గరుకు తెలుస్తుంది. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి అంచులకు రింగు కొంచెం కొంచెంగా అరిగి గోడకు అతికినట్టు కూర్చుంటుంది. రింగుకు సొంతంగా ఉండే స్ప్రింగు బలం తక్కువ. ఇంధనం మండినప్పుడు పుట్టే గ్యాసు రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని గోడకు అదుముతుంది. అసలు బలం అది. బండి లోడ్ లాగుతుంటేనే ఆ ఒత్తిడి వచ్చేది.

గంటలు గంటలు ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఊరికే ఆన్ చేసి పెడితే ఒత్తిడి చాలదు. రింగు ఆనకముందే గీతల్లో ఆయిల్ కాలి పేరుకుని గోడ అద్దం మాదిరి నునుపైపోతుంది. దాన్నే గ్లేజింగ్ అంటాం. ఆ స్థితికి వచ్చిందంటే మామూలుగా మళ్లీ ఇంజన్ విప్పి హోనింగ్ చేయాల్సిందే. బోరు బాగుండి, రింగులు కొత్తవై, ఆయిల్ మాత్రం తాగే బండ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. భయపడి మరీ మెల్లగా నడిపినవాళ్లవే ఎక్కువ. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అనంత_హైవే44:
లోడ్ అన్నారని యాక్సిలరేటర్ నేలకు తొక్కిపట్టేది కాదప్పా. ముందు టెంపరేచర్ ముల్లు నడిమికి రావాల. తర్వాత మూడో గేర్లో ముప్పై నుంచి అరవై దాకా, సగానికి కొంచెం పైన తొక్కుతూ లాగించండి. అరవై కాంగానే కాలు తీసేసి, గేర్లోనే ఉంచి, దానంతట అదే ముప్పైకి దిగనీయండి. మళ్లీ లాగించండి. పెట్రోల్ బండ్లయితే కాలు తీసినప్పుడు లోపల పుట్టే పీల్పుకు ఆయిల్ రింగుల దాకా ఎక్కి రజను కడుగుతుంది.

ఎక్కడ చేసేది అంటే, వెనక లారీలు ఒత్తిడి పెట్టని రోడ్డు మీద. మేమైతే పొద్దున్నే ఉరవకొండ రోడ్డుకు పోతాం. 44వ నంబరు హైవే ఖాళీగా ఉంది కదా అని గుత్తి నుంచి అనంతపురం దాకా ఐదో గేర్లో ఒకటే స్పీడు పట్టుకుని పోవడం కొత్త ఇంజన్‌కు మంచిది కాదు. దానికన్నా చెడ్డది, పై గేర్లో తక్కువ స్పీడుతో గుర్రుగుర్రుమనిపిస్తూ ఎత్తు ఎక్కించడం. బేరింగుల మీద దెబ్బ పడేది అప్పుడే.

కడప_కొత్తకారు:
షోరూం నుంచి వచ్చిన కొత్త బండికీ ఇదే పద్ధతా? మాది పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైన కియానే. పుస్తకంలో మొదటి వెయ్యి కిలోమీటర్లు నిదానంగా నడపమని ఉంది.

ప్రొద్దుటూరు_లేత్:
కొత్త బండికి పుస్తకంలో ఉన్నదే వేదం. ఇప్పటి ఫ్యాక్టరీలు హోనింగ్ చేసినాక గీతల మొనలను మళ్లీ నున్నగా చేస్తాయి, రింగులు పట్టాల్సిన పని చాలామటుకు అక్కడే అయిపోతుంది. మీరు స్పీడు మారుస్తూ, ఫుల్ రేసు ఇవ్వకుండా, వెనక బరువు లాగించకుండా ఉంటే చాలు. కొత్త బ్రేకులు కూడా కుదురుకోవాల, మొదట్లో గట్టిగా తొక్కే పని పెట్టుకోవద్దు.

రాయచోటి_ఘాట్:
అన్నలు చెప్పిందంతా సరే, మన ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త ఇంజన్ బిగువుగా ఉంటుంది, రాపిడి ఎక్కువ, వేడీ ఎక్కువే. మే నెలలో మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాట్ ఎక్కించాల్సిన అవసరం ఏముంది? పొద్దున పోండి. ఏసీ ఆపండి, కింది గేర్లో లాగించండి, కన్ను ముల్లు మీద ఉండాల.

ఇంజన్ పని చేయించినప్పుడే రేడియేటర్ కూడా విప్పి రాడ్డింగ్ (లోపలి గొట్టాల్లో పూడిక తీయడం) చేయించినారా? పాత రేడియేటర్ సగం పూడిపోయి ఉంటే ఇంజన్ వేడెక్కి, బ్లాకుకూ హెడ్డుకూ మధ్య వేసే కొత్త హెడ్ గాస్కెట్ కూడా నిలవదు. కూలెంట్ పోసినాక గాలి పూర్తిగా తీసినారో లేదో అడగండి. హీటర్ ఆన్ చేస్తే ఒకసారి వేడి గాలి, ఒకసారి చల్ల గాలి వస్తుంటే లోపల గాలి ఇరుక్కుని ఉండొచ్చు. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు.

కర్నూలు_డీజిల్:
రేడియేటర్ చేయించినాం. ఆయిల్ ఎప్పుడు మార్చాల? గంటసేపు ఐడిల్ అనేది అసలు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ప్రొద్దుటూరు_లేత్:
అంబాసిడర్, పాత జీపుల కాలం నాటి అలవాటు కావచ్చు. వాటికి క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) మీద ఫ్లాట్ ట్యాపెట్లు, అంటే క్యామ్‌కు రాసుకుంటూ కదిలే చదును ముక్కలు. కొత్త క్యామ్ వేస్తే స్టార్ట్ అయిన వెంటనే రెండు వేల ఆర్‌పీఎం పైన ఇరవై నిమిషాలు తిప్పాల, లేకుంటే క్యామ్ అరిగిపోతుంది. అప్పుడు కూడా అది ఐడిల్ కాదు. మీ ఇంజన్లో వాటి బదులు క్యామ్ మీద దొర్లే రోలర్లు ఉంటే ఆ పనే లేదు.

ఆయిల్ మొదటిసారి ఐదు వందలకే మార్చేయండి, ఫిల్టర్ తో సహా. డబ్బులకు చూసుకోవద్దు. పాత ఫిల్టర్ పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి ఎండలో పట్టి చూడండి. సన్నగా తళతళలాడే రజను ఉంటే భయం లేదు, అది రింగులదే. తెల్లగా మెరిసే రేకు ముక్కలు, గోరుకు తగిలేంతవి కనిపిస్తే బండి కదల్చకుండా మేస్త్రీని పిలవండి, బేరింగు పోతా ఉన్నట్టు. ఆయిల్ గ్రేడు బండి పుస్తకంలో ఉన్నదే పోయాల. జారుడు పెంచే మందులేవీ కలపొద్దు, రింగు అరగాల్సిన టైములో అరగనీయవు.

డోన్_రోడ్డు:
పాత బ్లాకే రీబోర్ చేసినారు కాబట్టి మీకు ఇబ్బంది లేదు. బ్లాకే మార్చినవాళ్లు, వేరే ఇంజన్ వేసినవాళ్లు మాత్రం ఆర్టీవో ఆఫీసుకు పోయి కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాల. మోటారు వాహనాల చట్టం 1988 లో 52వ సెక్షన్ దాని గురించే. బిల్లు భద్రంగా పెట్టుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పండి. నంబరు కలవకుంటే క్లెయిమ్ దగ్గర తిప్పలు తప్పవు.

కర్నూలు_డీజిల్:
అట్లయితే రెండు మూడు రోజులు ఓర్వకల్లు వైపు పొద్దున పూట లాగించి, తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోతా. నాలుగు లైన్ల రోడ్డు కాబట్టి అరవైకి, ఎనభైకి మధ్య మారుస్తూ పోతా.

ప్రొద్దుటూరు_లేత్:
మంచిది. ఆళ్లగడ్డలో టీకి ఆగినప్పుడు చదునైన చోట పెట్టి, ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ మూత తీస్తే పొగ ఎంత కొడుతుందో కూడా చూసి గుర్తు పెట్టుకోండి. కొత్తలో కొంచెం ఉంటుంది. వెయ్యి తిరిగినాక తగ్గాల, తగ్గకుంటే బండి తీసుకొని రండి, కంప్రెషన్ (సిలిండర్ లోపల ఒత్తిడి నిలుస్తుందా లేదా అని) చూద్దాం.